మూడో పట్టికలో మైనస్

సెగెడ్‌లో, తీసా నది పక్క వీధిలో
రసాయనశాస్త్రపు లైబ్రరీ.
ముప్పై నాలుగేళ్లు అక్కడ నా ఉద్యోగం
ఎవరు ఎవరిని తలచుకున్నారో లెక్క రాయడం.

తలచుకోవడమంటే పెద్ద మాటేమో.
వాక్యం నెత్తిన చిన్న అంకె,
వ్యాసం అడుగున ఒక వరస పేర్లు. అంతే.
ఏటా సూచికలు వచ్చేవి, ఇటుకల బరువు,
చీమ తలకాయంత అచ్చు.
భూతద్దం పట్టుకుని వెతికేదాన్ని
సల్కాయ్ పిరోష్కా కోసం.
ఇంటిపేరు ముందు రాయడం మా అలవాటు,
బయటి పత్రికలకది తెలీదు,
సగంచోట్ల ఆవిడ ఇంటిపేరే పిరోష్కా.
ఇద్దరు మనుషుల్ని కూడితే గాని
నాకు ఒక మనిషి వచ్చేది కాదు.

డెబ్బై నాలుగులో ఆవిడ ఒక పట్టిక వేసింది.
ముప్పై ఏడు మూలకాలు, ఒక్కోదానికి రెండు అంకెలు.
కంప్యూటర్ అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకే ఇచ్చేవాళ్లు.
అసలు లెక్క వంతు వచ్చేదాకా
ఊసుపోక చేసిన పని అది, అనేది.
ఆ ఊసుపోని పనిని పదకొండు వేల వ్యాసాలు తలచుకున్నాయి.
రంగులు చేసేవాళ్లు, మందులు చేసేవాళ్లు,
జిగురు అంటుకోక విసిగినవాళ్లు.
చదివి కాదు,
ఒకరి వ్యాసం చివర్నించి ఇంకొకరు ఎత్తి రాసుకుని.
ఎలా తెలుసంటే, పేజీ నంబరు తప్పు.
అన్నిచోట్లా అదే తప్పు.

ఏటా డీన్ ఆ అంకె చదివి చప్పట్లు కొట్టించేవాడు.
పిరోష్కా తలొంచుకుని
చేతిసంచీలో గుమ్మడిగింజలు వెతుక్కునేది.

ఆవిడ ప్రాణం ఇంకో వ్యాసంలో ఉంది.
రెండు నీటి అణువులు.
ఒకదాని హైడ్రోజన్‌ని ఇంకొకటి లాక్కునే ఆ లిప్త.
తొమ్మిదేళ్ల పని.
"నోట్లో, కంట్లో, ఈ నదిలో
ఎడతెరిపి లేకుండా జరుగుతోంది మార్గిట్,
ఒక్కసారైనా ఎలా జరుగుతుందో చూడొద్దూ?"
ఎనభై మూడులో అచ్చయింది.
ఏడో వరస దగ్గర కూడిక కుదరలేదని
తెరిచినవాళ్లు తెరిచినట్టే మూసేశారు.
తలచుకున్నవాళ్లు ముగ్గురు.
ముగ్గురూ ఆవిడే.

రిటైరైన పదమూడో ఏట
ఉలాన్‌బాతర్ నుంచి ఒక ఉత్తరం.
ఓయూన్‌చిమెగ్ అట, డిగ్రీ మూడో సంవత్సరం.
తప్పు పట్టడానికి భయమేస్తోందంటూ పట్టేసింది.
మూడో పట్టిక, ఏడో వరస:
అక్కడ మైనస్ ఉండాలి కదా అమ్మగారూ?
ఉంటే మీ లెక్క ప్రయోగంతో సరిపోతోంది,
నేను నాలుగుసార్లు చేసి చూశాను.

పిరోష్కా అటకమీద పాత నోటుబుక్కులు దింపింది.
అక్కడుంది మైనస్,
నీలిసిరా, రెండుసార్లు దిద్ది లావు చేసిన గీత.

ఆ వ్యాసం టైపు చేసింది నేను.
పాత ఎరికా యంత్రం, మైనస్ మీట పట్టేసేది,
ఇంట్లో పిల్లాడికి జ్వరం,
పేజీకి నాలుగు ఫోరింట్లు.
ఒక్క గీత పోతే రాత మారుతుందని
ఎవరైనా చెప్పగా వినలేదు నేను.

చెప్పాను. ముప్పై ఏళ్ల తర్వాత, నిలబడే చెప్పాను.
ఆవిడ నవ్వలేదు, క్షమించాననీ అనలేదు.
చాలాసేపటికి
"ఆ అమ్మాయి నాలుగుసార్లు చేసిందట" అంది.
పదకొండు వేలప్పుడు చూడని ముఖం.
గింజల పొట్లం నా వైపు జరిపింది.

సవరణ నేనే టైపు చేశాను.
ఇప్పుడు మీటలు పట్టెయ్యవు,
అయినా గోటితో తెర మీద తడిమి చూశాను, ఉందా అని.

అమ్మాయి తన వ్యాసంలో పెద్దదాన్ని తలచుకుంది.
కార్డు మీద మూడు కొట్టేసి నాలుగు రాశాను.
సవరణకు మాత్రం ఇప్పటికి సున్నా.
పిరోష్కా అడగదు.
నేనే, సోమవారాలు, చూస్తుంటాను.